ఈ ఏడు పూలకి వాసన లేదు

మార్చి 19, శుక్రవారం

ఈ ఏడు పూలకి వాసన లేదు.

పొద్దున్నే ర్సీఫ్ బజారుకి వెళ్ళి నేనే ఏరి తెచ్చాను. తెల్లగా, బొద్దుగా, సగం విచ్చిన నారింజ మొగ్గలు. చూడటానికి వంక పెట్టేందుకు ఏమీ లేదు. పూలమ్మే ముసలాయన గంప ముందుకి తోసి, "లల్లా బతూల్ వచ్చేసింది, మిగతావాళ్ళు గంపల మీద గుడ్డలు కప్పుకోండి" అన్నాడు, ఎప్పట్లాగే. ఎప్పట్లాగే దోసిట్లోకి తీసుకుని ముఖం దగ్గర పెట్టుకున్నాను. తడిగా, చల్లగా తగిలాయి. అంతే.

వానలు ఎక్కువైన ఏడు పూలు ఇలాగే ఉంటాయని మా అత్తగారు అనేది. అన్నట్టే గుర్తు.

డాబా మీద నీడలో తెల్లదుప్పటి పరిచి ఆరబోశాను. మా ఆయన లార్బీ మధ్యాహ్నం కూస్కూస్ భోజనానికి వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయారు. "ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది బతూల్, వసంతం వచ్చినట్టే" అన్నారు. పెళ్ళికి ముందు నుంచీ సిగరెట్లు కాల్చే మనిషి. ఆయన ముక్కుకి ఏం తెలుస్తుంది.

చలికాలంలో పట్టుకున్న జ్వరం ఎప్పుడో వదిలింది. జలుబే ఇంకా పూర్తిగా వదల్లేదు. అదొక్కటే.

మార్చి 20

షామా వంటింట్లోకి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. మా తోడికోడలు తామూ కూతురు ఇలా మెత్తగా వచ్చిందంటే ఏదో కావాలన్నమాట.

"పెద్దమ్మా, మేడ మీది గదుల్లో అద్దెకి దిగినవాళ్ళకి నువ్వు పూల నీరు తీయడం చూపిస్తావా? వసంతంలో ఫెజ్ వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు. తోళ్ళు ఊనబెట్టే తొట్లు, పాత మదరసా, గుట్ట మీంచి సూర్యాస్తమయం, ఇవి అందరూ చూపిస్తారు. ఇది మన ఇంట్లోనే ఉంది కదా."

"ఆ గదిలో మాట్లాడకూడదు తల్లీ."

"వాళ్ళకి మన భాషే రాదు. ఇంక మాట్లాడేదేముంది?"

గుమ్మంలో కూర్చుని బాకలా చిక్కుడు గింజలు ఒలుస్తున్న తామూ తలెత్తకుండానే అందుకుంది. "అడక్కే, అడక్కు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో పడి ఉన్నాను, నన్నే రానివ్వలేదు ఆ గదిలోకి. నీ చుట్టపుచూపు జనం ఒక లెక్కా?"

"అది అత్తయ్యగారి మాట తామూ, నాది కాదు."

"అవును మరి. నీకు ఖత్తారా ఇచ్చింది, నాకు ఉల్లిపాయలిచ్చింది. నీది బంగారపు ముక్కు, నాది ముల్లంగి."

అత్తగారు ఊరికే ఇవ్వలేదు. కొత్త కోడళ్ళుగా ఉన్నప్పుడు ఇద్దరి ముందూ రెండు గిన్నెలు పెట్టి, ఏది మొదటి నీరో ఏది ఆఖరి నీరో చెప్పమంది. నేను చెప్పాను. తామూ రెండూ తాగేసి, బాగున్నాయంది. అప్పటి నుంచీ పూల నీరు దించే ఆ రాగి బట్టీ, ఖత్తారా, నా చేతికే వచ్చింది. ఆ గదిలో ప్రవక్త మీద చదివే దరూద్ ప్రార్థన తప్ప మరో మాట వినపడకూడదు, పని తెలిసిన మనిషి తప్ప మరో మనిషి ఉండకూడదు. ఈ ఆచారాన్ని నేను ఏనాడూ తప్పలేదు.

మే నెలలో షామా పెళ్ళి. పెళ్ళివారు గుమ్మంలోకి రాగానే వాళ్ళ చేతుల మీద పన్నీరు బుడ్డితో చల్లే నీరు, ఆ వసంతంలో ఆ ఇంట్లో తీసిందే అయి ఉండాలి. కొన్న నీరు చల్లితే మా వీధిలో ఆ పిల్లని బతికున్నంత కాలం ఎత్తిపొడుస్తారు. ఈ వీధిలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి తీశానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు మా ఇంటి పిల్లకి తీయాలి.

మార్చి 21

ఉల్లిపాయ కోశాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కళ్ళకి తెలిసింది.

మార్చి 22, సోమవారం

తీశాను. పెళ్ళి నీరు కాదు, మామూలు వాడకానికి.

చుక్కలు పడేటప్పుడు మొదట పచ్చి వాసన వస్తుంది. దాని వెనకే పువ్వు వస్తుంది. పువ్వు వచ్చాక చాలాసేపు హాయిగా కూర్చోవచ్చు. ఆ తర్వాత ఒక్క క్షణం, పువ్వు పక్కకి తప్పుకుంటున్నట్టు ఉంటుంది. అక్కడ సీసా మార్చాలి. మార్చకపోతే ఉడికిన ఆకు వాసన దిగి, అప్పటిదాకా పట్టిందంతా పాడవుతుంది. కొలత పెట్టుకుని తీసేవాళ్ళు ఉన్నారు. మా అత్తగారు వాళ్ళని చూసి నవ్వేది. ఏ రోజు పూలు ఆ రోజువి, ఏ రోజు మంట ఆ రోజుది.

ఇవాళ నేను కొంచెం అంచనా మీద తీశాను. నాలుక మీద వేసుకుంటే చేదు తగిలింది. చేదు ఉండాలి కూడా.

పక్కింటి హాజ్జా సఫియా తమ్ముడు పోయాడు. పరామర్శకి వచ్చినవాళ్ళ మీద చల్లడానికి నీరు కావాలని కబురు చేసింది. ఒక సీసా పంపాను. బాగుండే ఉంటుంది.

మార్చి 24

షామా పెళ్ళిబట్టల కొలతలకి వెళ్ళాలట. అతిథుల్ని తోళ్ళ తొట్ల దగ్గరికి నన్ను తీసుకెళ్ళమంది. వెళ్ళాను. నాకూ వెళ్ళాలనే ఉంది. ఎందుకో రాయను.

తోళ్ళ దుకాణం డాబా మీదికి ఎక్కేటప్పుడు దుకాణం అతను ఒక్కొక్కళ్ళ చేతిలో పుదీనా రెమ్మ పెట్టాడు, ముక్కుకి అడ్డం పెట్టుకోమని. నాకు ఇవ్వలేదు. "మీకెందుకు లల్లా, మీరు ఈ ఊరి మనిషే" అన్నాడు. కింద తొట్లలో మనుషులు తొడల దాకా దిగి తోళ్ళు తొక్కుతున్నారు. అతిథుల్లో ఒక కుర్రది ముఖం పాలిపోయి మెట్లు దిగిపోయింది. మిగతావాళ్ళు పుదీనాలో ముఖాలు దాచుకుని ఫోటోలు తీసుకున్నారు. నేను గోడ అంచున నిలబడి గుండెల నిండా పీల్చాను. మళ్ళీ పీల్చాను. కొండ మీద నిలబడ్డట్టే ఉంది.

"ఇవాళ పావురాల రెట్ట కలపలేదా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "కలపకపోవడమేమిటి లల్లా? నిన్ననే కొత్తది పోశారు. నిన్న మా ఆవిడ నన్ను గుమ్మం బయటే కూర్చోబెట్టి అన్నం పెట్టింది."

అతిథుల్లో గోడెలీవ్ అని ఒక బెల్జియం పెద్దావిడ ఉంది. వచ్చిన రోజు నుంచీ ముఖం చిట్లించుకునే ఉంది. షామా ఆమెకి భయపడుతోంది కూడా. ఆమె పుదీనా పారేసి, ముక్కు పట్టుకుని, తొట్లని కాకుండా నన్నే చూస్తోంది.

గాలి అటు వీచి ఉంటుంది.

మార్చి 26, శుక్రవారం

హాజ్జా సఫియా సీసా తిరిగి పంపించింది. ముప్పావు వంతు అలాగే ఉంది. "నీ చేతులు చల్లగుండాలి, మాకు చాలా ఉంది" అని కబురు. పూల నీరు ఎవరూ తిరిగి పంపరు. మిగిలితే దాచుకుంటారు.

లార్బీ కాఫీలో నాలుగు చుక్కలు వేసిచ్చాను. సగం తాగి, దుకాణానికి వేళైందని లేచారు. దుకాణం తాళంచెవి చాప మీదే మరిచిపోయారు. దానికోసం వెనక్కి వచ్చినప్పుడైనా మిగతా కాఫీ తాగలేదు.

ఏమన్నా అనొచ్చు కదా. మంచివాళ్ళు ఏమీ అనరు. అదే వచ్చిన చిక్కు.

మార్చి 27

బాగా ఆలోచించాను. ఇంటికి వచ్చిన అతిథి ఒకటి అడిగితే కాదనడం పాపం. ఆచారం పెద్దదే, అతిథి ఇంకా పెద్ద. ఈ మాట చెబితే షామా నన్ను గట్టిగా పట్టుకుని తిప్పేసింది. తామూ మాత్రం చేతిలో చీపురు ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఏమొచ్చింది నీకు? ముప్ఫై ఏళ్ళ తలుపు నాలుగు రోజులు ఉండి పోయేవాళ్ళకి తెరుస్తున్నావా?"

"ఇంకోసారి వస్తారో రారో, పాపం."

"నేను ఇక్కడే ఉంటాను కదా, నన్ను చూసి జాలిపడే పని లేదులే."

అతిథుల్ని ఖత్తారా చుట్టూ వరసగా కూర్చోబెట్టాను. నోటి మీద వేలు పెట్టి చూపించాను. బుద్ధిగా కూర్చున్నారు. చుక్కలు పడటం మొదలయ్యాక, చెంచాతో పట్టి ఒక్కొక్కళ్ళ ముక్కు దగ్గరికీ తీసుకెళ్ళాను. వాళ్ళు చూడటానికే వచ్చారు కనక చూపిస్తున్నాను. వాళ్ళ ముఖాలు నేను చూడటంలో తప్పేముంది.

కానీ వాళ్ళు అన్నిటికీ నవ్వుతున్నారు. మొదటి చెంచాకి నవ్వారు. సీసా నిండాక నవ్వారు. ఇంకా చాలాసేపు ఆగి, ఖాయంగా పాడయ్యే ఉంటుందనుకున్నాక పట్టి చూపించినా కళ్ళు మూసుకుని నవ్వారు. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టుకుని, బాగాలేదని ఎవరనుకుంటారు.

చివర కూర్చున్న గోడెలీవ్ ముందు చెంచా పెట్టాను. ఆవిడ ముక్కు పుటాలు ముడుచుకున్నాయి. తల వెనక్కి లాక్కుని ఏదో అంది. షామా ముఖం ఎర్రబడింది.

"ఏమందే?"

"వదిలెయ్ పెద్దమ్మా. ఆవిడ ప్రతిదానికీ అంతే. నిన్న మదరసా చూసి తడిసిన గోడలంది."

"ఏమందో చెప్పు."

"క్యాబేజీ ఉడికిన నీళ్ళలా ఉందంది."

సీసాలో దుమ్ము పడిందని చెప్పి ముంగిట్లో తూములో పారబోశాను. ఆ ముఖం ఎంత బాగుందో. అల్లాహ్ నన్ను క్షమించాలి, ఆ చిట్లించిన ముఖాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

మార్చి 29

గోడెలీవ్ నిన్నా ఇవాళా నా దగ్గరే కూర్చుంది. షామా గోల పెడుతోంది. "ఇదేం విడ్డూరం పెద్దమ్మా, ఆవిడ ఊళ్ళో ఏమీ చూడలేదు. నువ్వేం మందు పెట్టావు?" అని. నేను పెట్టిందల్లా ఒక పీట, దాని మీద మెత్త.

ఆమె ముఖం పొయ్యి మంట కంటే సూటిగా ఉంటుంది. పువ్వు వచ్చినప్పుడు నవ్వదు, కనుబొమలు కొద్దిగా వదులవుతాయి. పువ్వు తప్పుకోగానే పైపెదవి ముక్కు వైపు కదులుతుంది. అప్పుడు సీసా తీసేస్తాను. ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. దరూద్ చదువుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం లార్బీకి కాఫీ ఇచ్చాను. మొత్తం తాగి, కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

నమాజులో రెండు రకాతులు ఎక్కువ చదివాను. ఇది అడుక్కోవడం కాదు. అతిథికి చూపించడం.

మార్చి 31

ఆవిడ ఇవాళే వెళ్ళిపోతుందట. షెఫ్షావన్ ఊరు చూడాలట.

షామాతో చెప్పించాను: సఫ్రూ దారిలో కొండలన్నీ పచ్చగా ఉన్నాయి, ఇంకా మంచి మంచివి చూడాల్సినవి ఉన్నాయి, ఇంకో వారం ఉంటే గది ఊరికే ఇస్తామని కూడా చెప్పించాను. తామూ విని, "గదులు నావి, దానాలు నీవి" అంది. గోడెలీవ్ నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. వెళ్ళేముందు తన ముక్కు మీద వేలు పెట్టుకుని, తర్వాత నా ముక్కు మీద పెట్టి, నా కళ్ళలోకి చూసింది.

నేను చూపు తిప్పుకున్నాను. ఒక సీసా ఇచ్చి పంపించాను.

ఏప్రిల్ 1, గురువారం

తామూ స్వయంగా వెళ్ళి పెళ్ళి పూలు కొనుక్కొచ్చింది. చెప్పకుండా వెళ్ళింది. రెండు గంపలు. "ఇవే ఆఖరి పూలట. మొన్న గాలికి తోటల్లో రాలిపోయాయట. ఇంక వచ్చే వసంతమే" అంది. డాబా మీద తనే పరిచింది. ఒక్కొక్క ఆకూ ఏరేసింది. నా కూతురి పెళ్ళి పూలు అని వీధిలో అందరికీ చెప్పుకుంటూ వచ్చిందట.

ఎల్లుండిలోగా ఖత్తారా ఎక్కకపోతే గోధుమరంగు తిరుగుతాయి.

మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత మౌలాయ్ ఇద్రీస్ దర్గాకి వెళ్ళాను. సాంబ్రాణి పొగ కళ్ళకి కనపడింది. గోడకి నుదురు ఆనించి అడిగాను. ఏం అడిగానో ఇక్కడ రాయక్కర్లేదు, విన్నవాడు విన్నాడు. ఒక్కసారికి చాలు అన్నాను. ఒక్క పూటకి ఇవ్వు, మళ్ళీ తీసేసుకో అన్నాను. అల్లాహ్‌తో బేరమాడినట్టయింది. మళ్ళీ క్షమాపణ అడిగాను.

ఏప్రిల్ 2, శుక్రవారం

ఇలా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. పూలు ఎలా వస్తే అలా రానిచ్చి, ఆ నీరు పారబోసి, బయట కొన్న మంచి నీరు మా సీసాల్లో నింపితే. షామా పెళ్ళిలో మంచి వాసనే వస్తుంది. ఎవరికీ తెలియదు. ఎవరికీ నష్టం లేదు.

అత్తారీన్ బజారులో అత్తరు దుకాణానికి వెళ్ళాను. రెండు సీసాలు నా ముందు పెట్టాడు. ఒకటి పూలది, ఒకటి సారం కలిపిన ఉత్తి నీళ్ళు. అలాంటి మోసం ఆ బజారులో ఉందని పిల్లలకి కూడా తెలుసు.

"ఏది మంచిది?" అని అడిగాను.

అతను మోకాళ్ళు తట్టుకుంటూ నవ్వాడు. "మీరా నన్ను అడిగేది, లల్లా బతూల్? పరీక్ష పెడుతున్నారా? మా నాన్న ఉన్నప్పుడు సరుకు వస్తే మీ అత్తగారికి చూపించేవాడు, తర్వాత మీకు. చెప్పండి, ఏది? నేను నోరు మూసుకుంటాను."

రెండు మూతలూ తీసి నా ముందుకి జరిపాడు. పక్క దుకాణంవాళ్ళు కూడా చూస్తున్నారు. నేను ఒక సీసా ఎత్తాను. దించాను. రెండోది ఎత్తాను. మళ్ళీ మొదటిదే ఎత్తుతుంటే అతని నవ్వు తగ్గింది.

"మళ్ళీ వస్తాను నాయనా, నమాజుకి వేళైంది" అన్నాను. వేళ కాలేదు.

దారంతా ఒకటే తలపు. తామూ నాకు ఏ రోజూ మంచి మాట చెప్పలేదు. నేనూ ఆమెని ఆ గదిలోకి రానివ్వలేదు. ఆ గదిలో ఉన్నదొక్కటే నాకు మిగిలింది. పిల్లలు లేరు. మేడ మీద గదులు వాళ్ళవి, పెళ్ళి వాళ్ళది, ముంగిట్లో నవ్వులు వాళ్ళవి. వీధిలో నన్ను గౌరవంగా లల్లా అని పిలిచేది ఈ ముక్కుని చూసే. అది లేదని చెబితే నేను ఎవర్ని. తామూ ఉల్లిపాయలు అందిస్తే తరిగే మనిషిని.

కానీ ఆ నీరు చెడితే మాట పడేది షామా. పెళ్ళివారు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. అక్కడ ఎవరూ మర్యాదకోసం నవ్వరు.

ఏప్రిల్ 3, శనివారం

కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకున్నాను. బిస్మిల్లా అని పూలు పోశాను. మూతకీ కుండకీ మధ్య పిండి మెత్తి తలుపు వేసుకున్నాను. బయట ముంగిట్లో తామూ గింజలు ఒలుస్తూ కూర్చుంది. "సీసాలు మూడుసార్లు కడిగాను లల్లా, తర్వాత నా మీద పెట్టకు" అని తలుపులోంచి వినపడింది.

చుక్క పడింది. ఆ తర్వాత ధార. దరూద్ చదువుతూ ఒక చోట ఆగిపోయాను, ఎక్కడ ఆగానో తెలియక మొదటినుంచీ మొదలుపెట్టాను. మూత మీది నీళ్ళు వేడెక్కితే మార్చాను. సీసా మెడ వైపు నీరు ఎక్కుతోంది. ముఖం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిరికి చెంప చురుక్కుమంది. లోపల మాత్రం ఏమీ లేదు, సామాను తీసేసిన గదిలా.

లేచి తలుపు తీశాను.

"తామూ, ఇటు రా."

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినన్నా పిలిచానేమోనని. "నన్నేనా? మాట్లాడుతున్నావేం? పొయ్యి మీద పూలున్నాయి కదా."

"నాకు వాసన తెలియడం లేదు."

"ఏ వాసన?"

"ఏదీ. చలికాలం నుంచి."

ఆమె ఒళ్ళో పళ్ళెం అలాగే ఉంది. నవ్వుతుందనుకున్నాను. ఈ మాట కోసం ముప్ఫై ఏళ్ళు కాచుకుని ఉండాలి కదా. నవ్వలేదు.

"చలికాలం నుంచా? నా కూతురి పూలు పొయ్యి మీదకెక్కాక చెబుతున్నావా? నీకు బుద్ధుందా?"

"లేదు. లోపలికి రా, తర్వాత తిట్టు."

"ఇప్పుడే తిడతాను." తిడుతూనే లేచింది, గింజలు ముంగిలంతా దొర్లాయి. "హాజ్జా సఫియా సీసా తిరిగి పంపితే, చావింటికని నువ్వు ఆఖరి నీరు అంటగట్టావనుకున్నారు వీధిలో. పిసినారిదన్నారు నిన్ను. నేను వాళ్ళతో పోట్లాడొచ్చాను, తెలుసా? మా అక్క ఏదైనా అవుతుంది కానీ పిసినారి కాదని. నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

"తామూ, సీసా."

ఆమె గొట్టం దగ్గర వంగింది. జీవితంలో మొదటిసారి ఆ గదిలో మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏం వెతకాలి?"

నేనెప్పుడూ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. చెప్పబోతే రాలేదు. పువ్వు తప్పుకుంటున్నట్టు అన్నాను.

"అలా కాదు. నాకర్థమయ్యేట్టు చెప్పు, నేను ఉల్లిపాయల మనిషిని."

"షామా చిన్నప్పుడు, తలంటి ఒళ్ళు తుడిచాక, మెడ వెనకాల వచ్చేది చూడు. అది ఉన్నంతసేపు పట్టు. దాని వెనక ఆకుకూర ఉడుకు పట్టేటప్పటి వాసన ఏ కొంచెం వచ్చినా చెప్పు."

తామూ కళ్ళు మూసుకుంది. ముఖంలో ఆ ముడతలన్నీ ఒక్కసారి ఎక్కడికో పోయాయి.

"ఉంది. మెడ వాసనే."

"ఇంకా ఉందా?"

"మాట్లాడకు" అంది.

నేను నోరు మూసుకున్నాను. ధార పడుతోంది. ఆమె కనుబొమ్మ కదిలింది.

"ఆగు. సబ్బులాంటిది వస్తోంది. ఇదా?"

"ఏ సబ్బు? తెల్లదా, హమ్మాము స్నానానికి వాడే పసరు వాసన నల్లదా?"

"తెల్లది. లేదు, నల్లదే. తియ్యి, తియ్యి" అంటూ తనే సీసా లాగేసింది. నేను రెండోది పెట్టేలోపు వేడి చుక్కలు ఆమె మణికట్టు మీద పడ్డాయి. ఉఫ్ అని కూడా అనలేదు.

మొదటి సీసా రెండు చేతులతో పట్టుకుని మూతి దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి అడిగాను.

"ఎలా ఉంది?"

మళ్ళీ వాసన చూసింది. "బాగానే ఉంది. మూడేళ్ళ కిందట సఫియా మనవరాలికి నువ్వు తీసింది ఇంతకంటే బాగుంది."

వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను. షామా అయితే అద్భుతం పెద్దమ్మా అనేది. లార్బీ మొత్తం తాగేసి నవ్వేవారు. వాళ్ళ మాట పట్టుకుని నేను మే నెల దాకా ఎలా ఉండేదాన్నో తెలియదు. తామూ ఈ జన్మలో నా మనసు నొచ్చుకుంటుందని ఒక్క అబద్ధం ఆడలేదు.

సీసాకి దూది పెట్టి మైనం కరిగించి మూశాం. అస్ర్ నమాజులో ఈసారి ఏమీ అడగలేదు. చాప చుట్టకుండా దాని మీదే కూర్చుండిపోయాను. ముంగిట్లో దొర్లిన గింజలు ఏరుకుంటూ తామూ ఇంకా తిడుతోంది, చలికాలం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క నెలా వరసగా. ఇప్పుడు ఫిబ్రవరిలో ఉంది. వింటున్నాను.